హారన్‌కి ముందు కేక

మే 3

ప్రభువుకి స్తోత్రం. వెయ్యి స్తోత్రాలు. మా షీబా ఒలింపిక్స్ సెలక్షన్ పోటీలకి ఎక్కింది! బెంగుళూరులో ఈత. దేశం మొత్తం మీద ఏరిన ఆడపిల్లల్లో నా కూతురొకతె. క్రాంతి కుమార్ సారు ఫోన్ చేసి చెబుతుంటే బంగినపల్లి చెట్టు పట్టుకుని ఏడ్చేశాను. "ఇప్పుడే ఏడవకండి బాబాయ్, ఇంకా ఈదనేలేదు. మీరు కూడా రండి, పాస్ తీసిస్తాను" అన్నాడు. దానికి ఈత కోచ్ ఆయనే. బంగారం లాంటి మనిషి.

కోతల ముందు తోట కాపలావాడు ఊరెళతానంటే ఏ రైతు ఒప్పుకుంటాడు? దశరథరామయ్య గారు ఒప్పుకున్నారు. "వెళ్ళిరావయ్యా రత్నబాబూ. పోతూ పోతూ నీ ఫోటో ఒకటి చెట్టుకి కట్టి వెళ్ళు, చిలకలు భయపడి చస్తాయి" అన్నారు. పాలేళ్ళంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఇవాళ ఎవరేమన్నా నవ్వొస్తోంది.

ఫోటో ఎందుకు, రెడ్డిగూడెం చుట్టుపక్కల నా కేక తెలియని చిలక లేదు. హో...య్ అని సాగదీసి ఆఖర్న 'హా!' అని కొరడాతో కొట్టినట్టు కొట్టాలి. ఆ 'హా'కే లేస్తాయి. షీబాకి ఈత వచ్చింది కూడా ఆ కేకతోనే. ఇంత పిల్లప్పుడు తోట బావి గట్టు మీద నిలబెట్టి హో...య్ అనేవాడిని. మోకాళ్ళు వంచేది. 'హా' అనగానే కప్పపిల్లలాగా దూకేది. నేను అనేదాకా దూకేది కాదు, అన్నాక ఆగేది కాదు. నాకు ముసలితనంలో పుట్టిన పిల్ల. ఆ బావిలో దూకిన పిల్ల ఒలింపిక్స్ దాకా!

ఈ మాటే విజయరాణికి చెబితే "అక్కడికెళ్ళి అరవమాకయ్యా, అది నీ తోట కాదు" అంది. ఆడదానికి అన్నీ భయాలే.

మే 5

రైలు. రెండు బుట్టల చిన్న రసాలు గడ్డిలో సర్ది తెచ్చాను. పెట్టె మొత్తం మా తోట వాసన. అందరికీ చెప్పాను. టీ అమ్మే కుర్రాడికి కూడా చెప్పాను. డబ్బులు వద్దన్నాడు. ఇచ్చాను.

మే 6

ఆ కొలను ఏమి కొలను! అడుగున పలకలు కనపడుతున్నాయి. మా బావిలో ఇన్నేళ్ళలో అడుగు ఎలా ఉంటుందో నేను చూడలేదు.

షీబాది యాభై మీటర్లు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, అంతే, వెనక్కి రానక్కర్లేదు. చెప్పుల్లో కాలు పెట్టేలోపు అయిపోతుంది. అందుకని మొదటి దూకుడులోనే ప్రాణమంతా ఉందంటాడు సారు. ఫైనల్లో ఎవరు ఫస్ట్ వస్తే ఆ ఒక్క పిల్ల పేరే ఒలింపిక్స్‌కి పంపుతారట. సెకండ్ వస్తే ఇంటికే.

నా పక్క సీట్లో తెలుగు మాట వినపడింది. ప్రాణం లేచొచ్చింది. సౌజన్య గారని, కదిరి వాళ్ళట, పెళ్ళయిన దగ్గర్నుంచీ బెంగుళూరే, బ్యాంకులో పని. వాళ్ళ అమ్మాయి నవ్య కూడా షీబా ఈదే పోటీలోనే ఉంది.

"మీరు షీబా వాళ్ళ నాన్నగారా అంకుల్? మా నవ్యకి మీ షీబా అంటే హడలు."

"మా దానికి మీ నవ్యంటే హడలమ్మా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఒక బుట్ట ఆమెకే ఇచ్చేశాను. ఇప్పుడే తినకండి, గడ్డిలోనే ఉంచండి, తొడిమ దగ్గర వాసన వచ్చాక మెత్తగా పిసికి, మూతి కొరికి పీల్చాలి, కత్తి పెట్టకూడదు అని చెప్పాను. "కత్తి పెడితే దేవుడు కోప్పడతాడా అంకుల్?" అంది. "దేవుడు కాదు తల్లీ, నేను కోప్పడతాను" అన్నాను.

పిల్లలు నీళ్ళలోకి దూకే దిమ్మెల మీదికి ఎక్కగానే నేను ఆగలేక లేచి "షీబమ్మా" అనబోయాను. ఆమె చప్పున నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడొద్దంకుల్. హారన్ మోగేదాకా ఎవరూ నోరెత్తకూడదు. చిన్న చప్పుడుకే పిల్లలు కదిలిపోతారు. హారన్‌కి ముందు కదిలితే, ఎంత బాగా ఈదినా కొట్టేస్తారు." మంచి మాట చెప్పావమ్మా అని కూర్చున్నాను.

ఇద్దరూ రేపటి ఫైనల్‌కి వచ్చారు. నవ్య ముందు, షీబా వెనక. వెంట్రుకవాసి.

మే 7

షీబా ఫస్ట్! షీబా ఫస్ట్! దేవుడు నా మొర విన్నాడు. రెడ్డిగూడెం మామిడి తోట కాపలావాడి కూతురు ఒలింపిక్స్‌కి వెళుతుంది!

ముందు చెయ్యి తాకించింది నవ్యే, నిజమే. కానీ హారన్‌కి ముందే కదిలిందట. అందుకని కొట్టేశారు. రూలంటే రూలే, అందులో ఎవరు మాత్రం ఏం చేస్తారు. రెండో చెయ్యి షీబాది. అంచేత షీబా ఫస్ట్.

పైన సీట్లు నిండిపోతే నేను ఇవాళ కింద నిలబడ్డాను, దూకే దిమ్మెల పక్కన, కటకటాల దగ్గర. అక్కడ ఏదో స్కూలు పిల్లలు చాలామంది ఉన్నారు. ఒకటే గోల.

నవ్య తల మీద తువ్వాలు కప్పుకుని నేల మీదే కూర్చుండిపోయింది. సౌజన్య గారు వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది.

"అంకుల్, మీరు కిందే ఉన్నారు కదా. ఎవరో కేక వేశారంటోంది నవ్య. హారన్ నొక్కే పెద్దాయన తనకేమీ వినపడలేదంటున్నాడు. మీరేమైనా చూశారా?"

"స్కూలు పిల్లలెవరో అమ్మా."

"ఏ స్కూలు?"

"తెలీదమ్మా. చాలామంది ఉన్నారు."

"కంగ్రాట్స్ అంకుల్" అంది వెళుతూ. మంచి మనిషి.

షీబా ఫస్ట్.

మే 8

షీబా స్టేషన్‌కి వచ్చింది. అది ఇంకా అక్కడే క్యాంపులో ఉండాలి. మెడల్ తీసి నా మెడలో వేసింది. ప్లాట్‌ఫారం మీద జనం మాకేసి చూస్తుంటే నేను రాజులాగా నిలబడ్డాను.

"నాన్నా, నిన్న నువ్వు అరిచావా?"

"లేదే."

"హోయ్ అని?"

"స్కూలు పిల్లలమ్మా. చెప్పాగా అందరికీ."

అది నా మొహంలోకి చూసింది. "సరే, బండెక్కు, రైలొచ్చేసింది" అంది. రైలు ఇంకా రాలేదు.

మే 10

ఊళ్ళో సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టారు. మా షీబా బొమ్మ, పైన వరసగా పెద్దల తలకాయలు. షీబా కంటే దశరథరామయ్య గారి తల పెద్దగా ఉంది, అయినా బాగుంది, చాలా బాగుంది. హనుమాన్ జంక్షన్ నుంచి ఎవరెవరో వచ్చి నాతో సెల్ఫీలు దిగారు. చర్చిలో చార్లెస్ అయ్యగారు అందరికీ చెప్పారు: "వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక పెడుతున్నాం. రత్నబాబు లేచి దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతాడు." హల్లెలూయ అన్నారంతా.

సాయంత్రం తోటకి వెళ్ళాను. సంతోషం ఎక్కువై గొంతు పట్టేసినట్టుంది. కేక రాలేదు. చిలకల కోసం రేకు డబ్బా కొట్టాను.

మే 11

గొంతు బాగోలేదు. డబ్బా.

మే 12

గొంతు ఇంకా బాగోలేదు. విజయరాణి మిరియాల కషాయం ఇచ్చి "ఊరందరికీ కూతురి సంగతి చెప్పడానికి బాగానే ఉందిగా గొంతు?" అంది. దానితో మాట్లాడలేం.

మే 13

చిలకలు పండు మొత్తం తినవు. ఒక్క కాటు వేసి ఇంకో కాయ మీదికి పోతాయి. చిలక కాటు పడ్డ కాయని మార్కెట్లో ఎవరూ చూడరు. డబ్బా కొడితే లేచి, ఓ చుట్టు తిరిగి, ఇతనేం చెయ్యడులే అన్నట్టు మళ్ళీ అక్కడే వాలుతున్నాయి.

దశరథరామయ్య గారు రాలినవి చూసుకుంటూ వచ్చారు. "ఏవయ్యా, చిలకలు నీ చుట్టాలా? ఒలింపిక్స్ తండ్రివయ్యాక అరవడం నామోషీగా ఉందా?"

"గొంతండీ."

"గొంతుకేమయింది?"

డబ్బా ఎత్తి కొట్టాను. "చూపించుకో" అని వెళ్ళిపోయారు.

మే 14

సౌజన్య గారు వాట్సాప్‌లో మాట పంపింది. విజయరాణి ఫోన్ పట్టుకుంటే ఇద్దరం విన్నాం. "అంకుల్, మీరన్నట్టే తొడిమ దగ్గర వాసనొచ్చింది. నవ్య ఆ రోజు నుంచీ సరిగ్గా తినట్లేదు. కొలను వైపు రానంటోంది. నేనెందుకు కదిలాను, నా కాళ్ళు నా మాట వినట్లేదు అని ఏడుస్తోంది. ఇవాళ మీ పండు ఒకటి మాత్రం పీల్చింది. మూతంతా పూసుకుంది. అప్పుడు నవ్వింది అంకుల్. అందుకే థాంక్స్ చెబుదామని."

"ఎంత మంచి తల్లో" అంది విజయరాణి. నేను లేచి తోటకి వచ్చేశాను.

నేనే అరిచాను.

అలవాటులో నోరు జారిందని ఇన్ని రోజులూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అది అబద్ధం. దిమ్మెల మీద పిల్లలు వంగారు. స్కూలు పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. పాపం వాళ్ళకి ఎవరో ముందే చెప్పి ఉంటారు. షీబా మోకాళ్ళు వంచింది. ఆ వంపు నాకు తెలుసు. నా కోసమే వంచిందనిపించింది. ఎవరో మిషను నొక్కితే నా పిల్ల దూకడమేంటి, నేనంటే కదా దూకేది అనిపించింది. హారన్ కంటే ఒక రవ్వ ముందు నా 'హా' దాని చెవిన పడితే అందరికంటే ముందు నీళ్ళలో ఉంటుంది, మిగతా పిల్లలకి అది వట్టి గోలే కదా అనుకున్నాను. అనుకునే అరిచాను. ఆ తల్లి ముందు రోజు నా చెయ్యి పట్టుకుని మరీ వద్దని చెప్పింది. పట్టుకున్న చోటు నాకింకా గుర్తుంది.

షీబా కదల్లేదు. పక్క దిమ్మె మీద నవ్య భుజం ఊగింది. వెంటనే హారన్ మోగింది, నా కేక అందులో కలిసిపోయింది.

దాని కాళ్ళు దాని మాట బాగానే వింటాయి. నా నోరే.

మే 16

క్రాంతి కుమార్ సారు ఫోన్.

"బాబాయ్, నవ్య వాళ్ళు పైకి అప్పీలు పెట్టారు, కేక వల్లే కదిలిందని. బుధవారం సాయంత్రం తేలుస్తారు. మీరేం కంగారుపడకండి, రుజువు లేదు, కొట్టేస్తారు."

"రుజువుంటే?"

"అరిచినోడే వచ్చి నేనే అరిచానని చెప్పాలి. అట్టా ఎవడొస్తాడు బాబాయ్? వస్తే మాత్రం మళ్ళీ ఇద్దర్నీ ఈదిస్తారు."

"ఈదిస్తే?"

"ముందు తాకింది నవ్యే కదా" అన్నాడు.

అంటే నేను నోరు తెరిస్తే నా పిల్ల ఒలింపిక్స్ పోతుంది. తెరవకపోతే ఆ పిల్లది పోయినట్టే. నా వయసు మనిషి నాలుగు రోజులు నోరు మూసుకోలేడా? మూసుకుంటే అంతా మంచే. షీబా కష్టపడింది. ఎంత చలిలో లేచేదో నాకు తెలుసు. నవ్య కూడా లేచేదేమో. అది నాకు తెలీదు కదా.

ఆదివారం

కృతజ్ఞత కూడిక బ్రహ్మాండంగా జరిగింది. షామియానా, పలావు, షీబా ఫోటోకి దండ వెయ్యబోతే విజయరాణి తిట్టి తీయించింది, బతికున్న పిల్లకి దండేంటని.

నేను లేచి సాక్ష్యం చెప్పాను. బావి సంగతి చెప్పాను, కోచ్ సారు సంగతి చెప్పాను, రైల్లో టీ కుర్రాడి సంగతి కూడా చెప్పాను. దేవుడు బీదవాడిని పెంటకుప్ప మీద నుంచి లేవనెత్తుతాడని చెప్పాను. ఏడ్చాను. జనం కూడా ఏడ్చారు. బైబిలు చేత్తో పట్టుకునే ఇదంతా చెప్పాను.

అప్పుడు పిల్లలు మొదలెట్టారు: "తాతా, షీబక్క దూకే కేక! ఒక్కసారి కేక వెయ్యి తాతా!" అందరూ చప్పట్లు. అయ్యగారు కూడా మైకు నా నోటి దగ్గర పెట్టి "వెయ్యి రత్నబాబూ, దేవుడికి స్తోత్రంలాగా వెయ్యి" అన్నారు.

నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. దగ్గుతూనే ఉన్నాను. "ఆనందం ఎక్కువైంది పాపం" అన్నారు ఎవరో. నవ్వి వదిలేశారు.

విజయరాణి నవ్వలేదు. పలావు వడ్డిస్తూ నన్నే చూస్తోంది.

మే 18

రాసేదేమీ లేదు. చిలకలున్నాయి.

మే 19

పొద్దున బెజవాడ నుంచి మొదటి బస్సుకి షీబా దిగింది. చెప్పాపెట్టకుండా. ఇంట్లో సంచి పడేసి, సెంటర్‌లో ఫ్లెక్సీ వంక కూడా చూడకుండా తిన్నగా తోటకి వచ్చి బావి గట్టు ఎక్కింది.

"కేక వెయ్యి నాన్నా."

"గొంతు బాగోలేదమ్మా."

"అమ్మ చెప్పింది ఆ గొంతు సంగతి. వెయ్యి."

నేను తల దించుకున్నాను. గట్టు రాయి మీద దాని పాదాలు కనపడుతున్నాయి. చిన్నప్పుడు నిలబడ్డ చోటే.

"ఆ రోజు నా కాళ్ళు కూడా లేవబోయాయి నాన్నా. నీ గొంతని తెలుసు కాబట్టి ఆపుకున్నాను. ఇది హారన్ కాదు, మా నాన్న అని. నవ్యకి నువ్వెవరో తెలీదు కదా."

నేను దానికొక్కదానికే సాయం చేస్తున్నాననుకున్నాను. ఆ కేక నాదని తెలిసి ఆగగలిగింది అదొక్కతే.

"మరి అప్పుడే చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు లేదన్నావు. మా నాన్న లేదన్నాక నేనెట్టా అవుననేది?" నీళ్ళ వంక చూస్తూ, "అదొక్కటే కాదులే. మెడల్ నాకూ కావాలనిపించింది. రోజూ కొలనులో పక్క లైన్ ఖాళీగా ఉంటోంది నాన్నా. నవ్య రావట్లేదు. ఖాళీ లైన్ పక్కన ఈదుతుంటే ఎవరినో తరుముతున్నట్టుంది" అంది.

నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు. కేక కోసం చూడకుండా తనే దూకేసింది. నీళ్ళు గట్టు దాకా ఎగిరి నా పంచె తడిసింది.

మే 20, బుధవారం

పొద్దున్నే తోటలోంచి సౌజన్య గారికి ఫోన్ చేశాను. ఆఫీసుకి బయలుదేరుతోందట. "చెప్పండంకుల్, పళ్ళు అయిపోయాయి, ఇంకో బుట్ట పంపుతారా ఏంటి?" అంది నవ్వుతూ.

"అమ్మా, ఆ రోజు అరిచింది నేను."

నమ్మలేదు. "ఊరుకోండంకుల్. మీరెందుకు అరుస్తారు? ఆ స్కూలు పిల్లలెవరో మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళకేమైనా అవుతుందని మీ మీద వేసుకుంటున్నారు. మీరు మంచివారు."

మంచివారు అంది. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది. ఆ పిల్లల్లో ఒక్కడి పేరు కూడా నాకు తెలీదు. అయినా ఒకే మాటతో అందరి మీదికీ తోసేశాను.

"కాదమ్మా. నవ్యని పిలవండి. ఆ పిల్ల విన్నది కదా. స్పీకర్ పెట్టండి."

అవతల తలుపు చప్పుడు. ఎవరో వచ్చినట్టు. ఫోన్ మొహానికి దూరంగా పట్టుకుని ఊపిరి పీల్చాను. ఇన్ని రోజుల నుంచి లోపల ఉన్నదంతా కూడగట్టుకుని హో...య్ అన్నాను. హా! అన్నాను.

తోట మొత్తం లేచింది. ఎన్ని చిలకలు ఉన్నాయో అప్పుడే తెలిసింది. ఆకులన్నీ ఒక్కసారి ఎగిరిపోయినట్టు పచ్చగా ఆకాశంలోకి లేచి రెడ్డిగూడెం వైపు పోయాయి. ఆ చివర చెట్ల కింద నుంచి దశరథరామయ్య గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "అద్దీ! వచ్చిందిరోయ్ మా రత్నబాబుకి గొంతు! ఇంకోటి కొట్టవయ్యా!"

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. సన్నగా ఆ పిల్ల గొంతు.

"అదేనమ్మా. అదే."

సౌజన్య గారు "అంకుల్" అనలేదు. "ఈ మాట రాసిస్తారా?" అంది. రాసిస్తానమ్మా అన్నాను. పెట్టేసింది.

రాసిచ్చాను. షీబా ఆ కాగితాన్ని ఫోటో తీసి సౌజన్య గారికి పంపింది. సాయంత్రం సారు ఫోన్ చేసి వచ్చే వారం ఇద్దర్నీ మళ్ళీ ఈదిస్తున్నారని చెప్పాడు. ఈసారి బాబాయ్ అనలేదు. ఊరికి ఇంకా తెలీదు. ఆదివారం నేనే లేచి చెబుతాను. అంతకుముందే ఫ్లెక్సీ విప్పేయమని అడగాలి. ఎవరిని అడగాలో.

బస్సెక్కుతూ షీబా వెనక్కి తిరిగింది.

"నువ్వు కూడా రావాలి నాన్నా."

"నేనా? వద్దమ్మా. నా మొహం ఎలా చూపించను?"

"రావాలి. వచ్చి సౌజన్య ఆంటీ పక్కన కూర్చోవాలి. హారన్ మోగేదాకా."

చిన్న రసాలు ఇంకో విడత మాగేసి ఉన్నాయి. ఈసారి బుట్ట పట్టుకెళ్ళాలో వద్దో తెలియట్లేదు.